బ్యాంకు ఎగ్గొట్టిన ఆరు రూపాయలు

“మీకు పరపతి చరిత్ర ఏమైనా ఉందాండీ?”

మేనేజరు దక్షిణామూర్తి గారు ఫైల్లోంచి తల ఎత్తకుండా అడిగిన ఈ ప్రశ్నకి కడియాల భ్రమరాంబ కుర్చీలోంచి లేచి నిలబడింది. తప్పు ఆవిడది కాదు. నెత్తిమీద ఫ్యాను కటకటమని తిరుగుతూ ‘పర’కీ ‘పతి’కీ మధ్య కాస్త ఎడం పెట్టింది. ఆ ఎడంలో దూరింది గొడవంతా.

“చూడండి మేనేజరు గారూ, నాకు సొంత పతే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేగోడీలు వేపుతున్నాడు, నేను ఆయనతో వేగుతున్నాను. పరాయి పతుల చరిత్ర నన్నడిగితే బాగోదు.”

హాల్లో టోకెన్లు పట్టుకుని కూర్చున్న జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు. దక్షిణామూర్తి గారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఆ క్షణంలో క్యాషియరు కిటికీలోంచి తల బయటపెట్టి, పరపతి అంటే పరాయివాడు కాదనీ, నలుగురిలో అప్పు పుట్టే పలుకుబడి అనీ, బ్యాంకు భాషలో ఇదివరకు చేసిన అప్పుల చిట్టా అనీ అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. భ్రమరాంబ కూర్చుంది. కూర్చుని, పమిట సర్దుకుని, ఎంతో గర్వంగా, తమ ఇంటావంటా అప్పన్నది లేదనీ, పెనం దగ్గర్నుంచి గ్యాసు పొయ్యిదాకా అన్నీ రొక్కానికే కొన్నామనీ చెప్పింది.

ఆ మాట వినగానే దక్షిణామూర్తి గారి ముఖం, రోగి నాలుక చూసిన డాక్టరు ముఖంలా అయిపోయింది.

“ఎన్నాళ్ళబట్టి ఇలా ఉందండీ మీకు?” అన్నాడు మెల్లగా.

భ్రమరాంబది రాయవరప్పాడు. ‘భ్రమరాంబిక చేగోడీలు’ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు. వరిపిండి ఉడకబెట్టి, పెసరపప్పూ నువ్వులూ వామూ కలిపి, ఆ ముద్దని తాడులా సాగదీసి వేలి చుట్టూ తిప్పి కొసలు నొక్కేది ఆమే, ఆమెతోపాటు మరో అయిదుగురు ఆడవాళ్ళూను. నూనెలో వేసి తీసేది భర్త పేర్రాజు. పేర్రాజు పెద్దగా మాట్లాడడు. మూకుడు ముందు నోరు తెరిస్తే పొగ లోపలికి పోతుందని పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పారట, అప్పట్నించీ అదే పాటిస్తున్నాడు.

ఇన్నాళ్ళూ బాగానే నడిచింది. కానీ విశాఖపట్నంలో పదకొండు మిఠాయి దుకాణాలున్న ఆసామి ఒకాయన ఈ చేగోడీ ఒకటి నోట్లో వేసుకుని, రెండోది జేబులో వేసుకుని, మూడో మాటగా రోజుకి రెండు వందల కిలోలు కావాలన్నాడు. దీపావళినాటికి మొదలుపెట్టాలి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. చేత్తో చుడితే ఆమెతో కలిపి ఆరుగురికీ రోజుకి నలభై కిలోలు దాటదు. ఆ నలభైకే పనివాళ్ళలో పెద్దదైన నూకాలు బొటనవేలు ముడి పడిపోయి, అన్నం కలుపుకోవడానికి కూడా రావడంలేదు. కోయంబత్తూరులో ఒక మిషను ఉంది. ఇటు పిండి వేస్తే అటు చేగోడీలు చుట్టుకుని రాలతాయి. ఖరీదు నాలుగు లక్షలు. భ్రమరాంబ దగ్గరున్నది లక్ష. మిగతా మూడు లక్షల కోసం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సర్వజన సౌభాగ్య బ్యాంకు మెట్లెక్కింది.

ఎక్కితే తెలిసింది, అప్పు లేకపోవడం ఎంత పెద్ద తప్పో.

దక్షిణామూర్తి గారు లావుపాటి పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివాడు. “నిబంధన నలభై ఏడు, గ. ఎన్నడును రుణము నెరుగని వ్యక్తి రుణమును తీర్చునని నమ్ముటకు ఆధారము లేనందున, అట్టి వ్యక్తి రుణమునకు అనర్హుడు.” ఆపైన తన మాటల్లో విడమరిచాడు. ఆవిడకి బ్యాంకులో ఖాతా ఉందిగానీ, ఖాతరు లేదు. అప్పు చేసి ఎగ్గొట్టినవాడైనా నయం, కంప్యూటర్లో పేరుంటుంది. ఈవిడ పేరు కొడితే తెల్లటి తెర వస్తోంది. బ్యాంకు దృష్టిలో ఆవిడ ఇంకా పుట్టలేదు.

“మరి అప్పిస్తేనే కదండీ అప్పు తీర్చేది,” అంది భ్రమరాంబ.

“తీరిస్తేనే కదండీ ఇచ్చేది,” అన్నాడు దక్షిణామూర్తి గారు. రుణం లేకపోవడమే ఇంత దారుణమైతే ఇంక చేసేదేముందని ఆమె లేవబోతూంటే, ఆయన సొరుగులోంచి ఒక పసుపురంగు కరపత్రం తీశాడు.

అది ‘రుణానుభవ పథకం’. అప్పు ఎరుగని అభాగ్యుల కోసం పై ఆఫీసువారు కనిపెట్టినది. ఆరు వేలిస్తారు. అవసరం ఉండనక్కర్లేదు, ఉంటే ఇంకా మంచిదట. ఆరు నెలలు, నెలకి వెయ్యిన్నీ యాభై చొప్పున కట్టాలి. అలా కడితే పరపతి పుడుతుంది. పుట్టిన పరపతికి మార్కులు పడతాయి. మార్కులు బాగా పడితే మిషను.

దరఖాస్తులో ‘రుణ ప్రయోజనము’ అన్నచోట ఏం రాయాలో తెలియక భ్రమరాంబ ‘అప్పు చేయడం’ అని రాసింది. దక్షిణామూర్తి గారు ఆ నిజాయితీకి నొచ్చుకుని, కొట్టేసి, ‘అనుభవ సముపార్జన’ అని దిద్దాడు. ఆరు వేలూ తెచ్చి ఆమె పసుపు గుడ్డలో మూటకట్టి దేవుడి గూట్లో పెట్టింది. వారానికి బ్యాంకు తరఫున తనిఖీకి వచ్చినాయన, రుణంతో సమకూర్చుకున్న ఆస్తి ఏదని అడిగితే, ఆ మూటే చూపించింది. ఆయన మూటకి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, ‘ఆస్తి చెక్కుచెదరక యున్నది’ అని రాసుకుని వెళ్ళాడు.

మొదటి వాయిదా రోజున అసలు కథ మొదలైంది.

భ్రమరాంబ కౌంటర్లో వెయ్యిన్నీ యాభై ఒకటి ఇచ్చింది. క్యాషియరు రూపాయి వెనక్కి తోశాడు. ఆమె ముందుకు తోసింది. సున్నాతో ముగిసే డబ్బు ఇస్తే ఇచ్చిన చేతికి సున్నాయే మిగులుతుందని అత్తగారు చెప్పిందట. పెళ్ళిలో చదివింపులైనా నూట పదహారే గానీ నూట పది ఉండదు కదా, ఇదీ అంతే, మంచికోసం ఇస్తున్నానంది. వెనకాల పదిహేనుమంది క్యూలో ఉన్నారు. క్యాషియరు కంప్యూటర్లో వెయ్యిన్నీ యాభై ఒకటీ కొట్టాడు. కంప్యూటరు గుటుక్కున మింగింది.

వాయిదా వెయ్యిన్నీ యాభైయే కాబట్టి, ఆ ఒక్క రూపాయీ ఏమిటో కంప్యూటరుకి అర్థం కాలేదు. ఒకరి డబ్బు ఇంకొకరి దగ్గరుంటే దాన్ని అప్పంటారని మాత్రమే దానికి నేర్పారు. అందుచేత భ్రమరాంబ పేర కొత్త ఖాతా తెరిచి, ‘రుణదాత: కడియాల భ్రమరాంబ. రుణగ్రహీత: సర్వజన సౌభాగ్య బ్యాంకు, రాయవరప్పాడు శాఖ’ అని రాసుకుంది. రెండో నెల రెండు రూపాయలైంది. మూడో నెల మూడు. తొంభై రోజులు దాటినా బ్యాంకు చిల్లిగవ్వ తీర్చలేదు. కంప్యూటరు ఊరుకుంటుందా, తన ధర్మం తను చేసింది. శాఖను మొండి బకాయిల జాబితాలో చేర్చింది.

నాలుగో నెలలో దక్షిణామూర్తి గారికి కంప్యూటరు నుంచి తాఖీదు వచ్చింది. పైన అడ్రసులో ఆయన పేరే ఉంది, కింద సంతకం ఉండాల్సిన చోటా ఆయన పేరే ఉంది. ఎందుకంటే ఎగవేతదారులకి తాఖీదులు పంపే అధికారి ఆ శాఖలో ఆయనే. ‘ఇందుమూలముగా మీకు తెలియజేయడమేమనగా, మీరు తీసుకున్న రుణమును ఏడు దినములలోగా చెల్లించని యెడల మీ ఛాయాచిత్రమును శాఖా ప్రాంగణమున ప్రదర్శించగలము.’ ఆయన మూడుసార్లు చదివి, రూలు రూలే కాబట్టి ఎనిమిదో రోజున తన పాస్‌పోర్టు సైజు ఫొటో తనే నోటీసు బోర్డుకి గుచ్చుకున్నాడు. అప్పటికే అక్కడున్న ఇద్దరు ఎగవేతదారుల మధ్య ఆయన ఒక్కడే టై కట్టుకుని ఉన్నాడు.

అంతటితో పోలేదు. శాఖకి కొత్త జనరేటరు కావాలని ఆయన ఏడాది కిందట పెట్టిన అర్జీ అదే వారం తిరిగొచ్చింది. ‘యంత్ర పరికరముల మంజూరుకు మీ శాఖ పరపతి చాలదు. తొలుత స్వల్ప మొత్తములు సకాలమున చెల్లించి పరపతిని పెంపొందించుకొనుడు’ అని ఉంది. కాగితంతోపాటు ఒక పసుపురంగు కరపత్రం కూడా జతచేశారు.

కరెంటు పోయిన ఒక రోజు చెమటలు కక్కుతూ దక్షిణామూర్తి గారు భ్రమరాంబని పిలిపించి, నాలుగు రూపాయలూ తీసుకుపొమ్మని బతిమాలాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మంచికని ఇచ్చిన రూపాయి వెనక్కి పుచ్చుకోవడం తమలో లేదంది. పైగా ఇవాళ వాయిదా రోజు కదా అని అయిదోది చేతిలో పెట్టింది.

అదే సమయానికి కంప్యూటరు ఆమెకీ ఒక ఉత్తరం పంపింది. తన బాకీదారు ఆవరణను ఎప్పుడైనా తనిఖీ చేసుకునే హక్కు రుణదాతకు కలదని అందులో ఉంది. భ్రమరాంబకి ఆ హక్కు అక్కర్లేదు. కానీ నూకాలుకి బ్యాంకు లోపలిగది చూడాలని ఎప్పట్నించో ఉంది. ఇద్దరూ కలిసి బయల్దేరారు.

నిబంధన ప్రకారం దక్షిణామూర్తి గారు వాళ్ళని కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. నూకాలు ఫ్యాన్లు లెక్కపెట్టింది. ఎనిమిదిలో అయిదు తిరుగుతున్నాయని తేల్చింది. కుర్చీల్లో పేముండాల్సిన చోట ప్లాస్టిక్ తాడు ఉందని కనిపెట్టింది. ఇనప్పెట్టె మీద కొట్టి చూసి, గట్టిదే అంది. తర్వాత తన వంతు వచ్చినట్టు భ్రమరాంబ, ఆయన ఒకప్పుడు తనని అడిగినవన్నీ వరసగా గుర్తుచేసుకుని, ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఇదివరకు ఎక్కడైనా అప్పు తీసుకున్నారా, పూచీ ఎవరుంటారు, నెలకి మిగులెంత, ఈ వ్యాపారం ఎన్నాళ్ళబట్టి చేస్తున్నారు.

దక్షిణామూర్తి గారు ప్రతిదానికీ జవాబు చెప్పాడు. చివరి ప్రశ్నకి మాత్రం నోటీసు బోర్డు వైపు చూస్తూ చెప్పాడు. “ముప్ఫై ఒక్క ఏళ్ళండి. నా ఫొటో గోడ మీద పడ్డం ఇదే మొదలు.”

“మనిషి మంచోడేనక్కా,” అంది నూకాలు దారిలో. “కంప్యూటరు సావాసం వల్ల చెడిపోయాడు.”

ఆరో వాయిదా కూడా ఆరో రూపాయితో సహా ముగిసింది. దేవుడి గూట్లో మూట విప్పకుండానే భ్రమరాంబ అప్పు తీర్చేసింది. కంప్యూటర్లో ఆమె పరపతి మార్కులు పడ్డాయి. శాఖ పుట్టాక అన్ని మార్కులు ఎవరికీ రాలేదని క్యాషియరు స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. మూడు లక్షలకీ ఆమె అర్హురాలు. భ్రమరాంబ కోయంబత్తూరుకి ఫోను చేసింది. డబ్బు అందిన పది రోజులకి మిషను చేరుస్తామన్నారు. దీపావళికి ఇంకా పన్నెండు రోజులుంది. సరిపోతుంది.

మర్నాడు దక్షిణామూర్తి గారు మంజూరు మీట నొక్కాడు. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ‘ఎగవేతదారు ఇతరులకు రుణమిచ్చుటకు అనర్హుడు.’

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అవే. భ్రమరాంబ బాకీ తీర్చేదాకా బ్యాంకు ఎవరికీ అప్పివ్వరాదు, భ్రమరాంబతో సహా. ఆమె మిషనుకి అడ్డంగా ఆమె ఇచ్చిన రూపాయలే కూర్చున్నాయి.

కబురు పైకి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే ప్రాంతీయ అధికారి మార్తాండరావు గారు కారులో దిగాడు. ఆయన మామూలుగా నడిస్తే రెండడుగులకొకసారి ఒక సర్క్యులరు రాలుతుందని ప్రతీతి. నోటీసు బోర్డు మీద దక్షిణామూర్తి గారి ఫొటో చూసి, “ఈ శాఖ వల్ల ప్రాంతమంతా పరపతి కోల్పోవు ప్రమాదం పొంచియున్నది,” అంటూనే లోపలికి వచ్చాడు. భ్రమరాంబనీ నూకాలునీ కూర్చోబెట్టారు. పేర్రాజు కూడా వచ్చాడు. మూకుడు దగ్గర లేడు కాబట్టి ఆయనకి నోరు తెరవడానికి అభ్యంతరం లేదుగానీ, అలవాటు తప్పి ఊరుకున్నాడు. హాల్లో మొత్తం జనం తలుపు దగ్గర మూగారు.

మార్తాండరావు గారు రెండు మార్గాలున్నాయన్నాడు. మొదటిది, వడ్డీతో కలిపి ఆరు రూపాయల పద్దెనిమిది పైసలూ ఆమె పుచ్చుకోవడం. భ్రమరాంబ మిషను గురించి ఆలోచించింది, దీపావళి గురించి ఆలోచించింది. నూకాలు బొటనవేలు కేసి చూసింది. చెయ్యి చాపబోయింది. చెయ్యి రాలేదు. కొత్త మిషను కొంటూ, మంచికని ఇచ్చింది వెనక్కి పుచ్చుకుంటే ఆ మిషను తిరిగినా తన మనసు నిలవదని, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది.

రెండో మార్గం బాకీ మాఫీ. దానికి బాకీదారు నిజంగా కట్టలేని నిరుపేద అని రుజువు కావాలి. అంటే బ్యాంకుకి తెల్ల రేషను కార్డు ఉండాలి. దక్షిణామూర్తి గారు ఆ ప్రయత్నం కూడా చేశాడట. తహసీల్దారు, కుటుంబ సభ్యుల వేలిముద్రలన్నీ వేయించమని, అంటే దేశం మొత్తం మీద ఉన్న మూడువేల శాఖల మేనేజర్లనీ తీసుకురమ్మని చెప్పి పంపించేశాడు.

మూడో మార్గం మార్తాండరావు గారికి తట్టలేదు. అయిదు ఫ్యాన్లూ కటకటమంటున్నాయి.

నూకాలు గొంతు సవరించుకుంది. “అయ్యా, నాకు తెలీక అడుగుతాను. పెళ్ళిలో మేం చదివింపులు చదివిస్తాం. వాళ్ళు ఆ డబ్బు మాకు తిరిగిచ్చేస్తారా ఏంటి? చేతిలో తాంబూలం పెట్టి పంపుతారు. దాంతో అవతలోళ్ళకీ ఇవతలోళ్ళకీ చెల్లు. మీరూ ఆ తాంబూలమేదో అక్క చేతిలో పెట్టేస్తే పోలేదా?”

మార్తాండరావు గారు కళ్ళు మూసుకున్నాడు. పుస్తకంలోని నిబంధనలన్నీ ఆ రెప్పల వెనక పేజీలు తిరిగినట్టున్నాయి. కళ్ళు తెరిచి భ్రమరాంబని, అట్లు పుచ్చుకొనుటకు తమకు అభ్యంతరమున్నదా అని అడిగాడు. తాంబూలం వద్దనడం తప్పు కదండీ, అందామె కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత బ్యాంకు పరుగులెత్తింది. కొనుగోలు నిబంధన ప్రకారం మూడు కిళ్ళీకొట్ల నుంచి కొటేషన్లు తెప్పించారు. ఆరు రూపాయల పద్దెనిమిది పైసలకి లోబడి రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక చక్కెరకేళి వచ్చాయి. పద్దు ఏ ఖాతాలో రాయాలన్న దగ్గర కాసేపు ఆగింది. ఆకులంటే పత్రాలే కాబట్టి ‘కార్యాలయ పత్రములు’ కింద రాయవచ్చునని క్యాషియరు అన్నాడు. అరటిపండుని ‘ఫలితములు’ కింద చూపించారు. వక్క మాత్రం చిక్కు తెచ్చింది. చివరికి దాన్ని రెండు ముక్కలు చేసి ‘చిల్లర’ అన్నారు.

దక్షిణామూర్తి గారు, పేరులోనే దక్షిణ పెట్టుకుని పుట్టినవాడు, తలమీద చేతిరుమాలు కప్పుకుని, రెండు చేతులతో తాంబూలం అందించాడు. భ్రమరాంబ కొంగు పట్టి పుచ్చుకుని, ‘బాకీ లేదు’ అన్న కాగితం మీద సంతకం చేసింది. తెర మీద ఎర్రక్షరాలు ఆకుపచ్చగా మారాయి. మంజూరు మీట మూడోసారి నొక్కితే మూడు లక్షలూ గలగలా కోయంబత్తూరు వైపు బయల్దేరాయి. క్యాషియరు వెళ్ళి గోడ మీంచి ఫొటో పీకి మేనేజరు గారి చేతిలో పెట్టాడు. పేర్రాజు భార్య వైపు తిరిగి, “మూకుడు పెద్దది కొనాలి,” అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడినది అదే.

తలుపు దగ్గర మూగిన జనానికి మాత్రం అంతా అయోమయంగా ఉంది. బ్యాంకు ఈవిడకి బాకీ పడిందంటాడొకడు. మేనేజరు దివాలా తీసి తాంబూలం ఇచ్చుకున్నాడంటుంది ఇంకొకావిడ. డబ్బులు తీసుకుపోదామని నలుగురు పాసు పుస్తకాలు బయటికి తీశారు. ఇది చెయ్యి దాటేలా ఉందని మార్తాండరావు గారు ప్లాస్టిక్ తాడు కుర్చీ మీదికెక్కి, అందరికీ వినబడేలా విషయం విడమరిచాడు.

“అపార్థములకు తావీయవలదు. ఈ బ్యాంకు ఎవరికిని బాకీ లేదు. ఈ భ్రమరాంబ గారు తమ ఆచారము ననుసరించి ప్రతి వాయిదాకును శుభమునకై ఒక్క రూపాయి అదనముగా చెల్లించినారు. కంప్యూటరు దానిని అప్పుగా భావించినది. సదరు ఆరు రూపాయలకు ఈ దినమున తాంబూలము సమర్పించి లెక్క సరిచేసితిమి. ఆమెకు యంత్రము కొరకు మూడు లక్షల రుణము సక్రమ పద్ధతిలో మంజూరైనది. జరిగినది ఇంతమాత్రమే. సందేహములున్న అడుగవచ్చును.”

జనం అర్థమైనట్టు తలలూపారు. వెనక వరసలో, ట్రాక్టరు లోను కోసం ఏడాదిగా చెప్పులరిగేలా తిరుగుతున్న ఒక రైతు చెయ్యెత్తాడు.

“అయితే బాబూ, నేను రెండేసి రూపాయలు ఎక్కువ కడితే ట్రాక్టరిచ్చేత్తారాండి?”